అట్ట మీది వారాలు

నేను రక్తపరీక్షల గదిలో పనిచేస్తాను. కడుపుతో ఉన్నవాళ్ళ రక్తంలో, మాయ నుంచి వచ్చే ఒక ప్రొటీన్‌ని కొలుస్తాను. అది తక్కువగా ఉంటే ముందుముందు బీపీ పెరిగి తల్లికీ బిడ్డకీ ముప్పు రావచ్చు. పదహారో వారంలోపు రోజుకో చిన్న మాత్ర మొదలుపెడితే ఆ ముప్పు చాలావరకు తగ్గుతుంది. చిక్కల్లా ఒకటే, ఆ ప్రొటీన్ వారవారానికీ పెరుగుతుంది. పదకొండో వారంలో సరిపోయే అంకె పదమూడో వారంలో తక్కువ కిందే లెక్క.

మా చెల్లెలి రిపోర్టు 'మామూలే' అని వచ్చింది. అది పుట్టినప్పుడు అమ్మకు బీపీ పెరిగి మూర్ఛలొచ్చాయి, అందుకే ఆ మాట చూసి ఊపిరి పీల్చుకున్నాను. రెండు వారాల తర్వాత ఫారాలు సర్దుతుంటే దాని ఫారం కంటపడింది. రక్తం తీసిన రోజుకి పదకొండు వారాలని ఉంది. దాని తేదీలు నాకు కంఠతా వచ్చు. ఆ రోజుకి పదమూడు నిండాయి. ఇప్పుడు పదిహేను.

ఫారాలు నింపే నర్సక్కను అడిగితే నిమ్మకు నీరెత్తినట్టు చెల్లెలి చెకప్ కార్డు అట్ట చూపించింది. మొదటిసారి వచ్చిన రోజు అట్ట మీద వేసిన వారాలనే ఫారంలో ఎక్కించడం వాళ్ళ అలవాటట, రక్తం ఎప్పుడు తీసినా సరే. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అట్ట మీద వారాలు ఆగిపోతే కడుపులోనూ ఆగిపోతాయా అక్కా?"

"రాసేది మేమే. లెక్కకట్టి సంతకం పెట్టేది నువ్వు కదమ్మా."

డాక్టరమ్మ గది బయట కూర్చునే గుమస్తా, తర్వాతి చెకప్‌కి ఇరవయ్యో వారంలో రమ్మన్నాడు. అప్పుడు మాత్ర వేసి ఏం లాభమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. అతను తల కూడా ఎత్తలేదు. తాడో పేడో తేల్చుకుందామని తలుపు తోసుకుని వెళ్ళి, సరైన వారాలతో మళ్ళీ కడితే తక్కువని తేలిన లెక్క బల్ల మీద పెట్టాను. డాక్టరమ్మ రెండుసార్లు చదివి మాత్ర రాసింది. ఫోన్ చేసి చెబితే, నీకు అన్నిట్లోనూ అనుమానమేనని చెల్లెలు విసుక్కుంది. విసుక్కోనీ, మాత్ర వేసుకుంటే చాలు.

గదికి తిరిగొచ్చాక నర్సక్క మాట చెవిలో గింగురుమంది. ఈ పరీక్ష మొదలై ఐదు నెలలు. నాలుగు కట్టల ఫారాలు, అన్నిటి కిందా నా సంతకం. వాటిలో నేను తేదీలు సరిచూసింది చెల్లెలిదొక్కటే. మొదటి కట్ట విప్పి పైనున్న ఫారం తీశాను. పైన రాసి ఉన్న చివరి నెలసరి తేదీతో పోలిస్తే, అందులోనూ అట్ట మీది వారాలే. వేళ్ళ మీద లెక్కపెడితే ఆమెకిప్పుడు ముప్ఫై నాలుగో వారం. నంబరు నొక్కాను. ఆమే ఎత్తింది. ఒంట్లో ఎలా ఉందని అడిగాను.

"కాళ్ళు వాచాయండీ. మూడు రోజులుగా తలనొప్పి కూడా. మామూలేనని మీరే రాశారు కదా, అందుకే రాలేదు."