ఇది మీరేనా?

మౌనిక ఎక్కిన విమానం కౌలాలంపూర్‌లో దిగి గంట దాటిపోయింది. ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలోని రైల్వే క్వార్టర్‌లో కుట్టుమిషను ముందు కూర్చున్న మీనాకుమారికి చేతులు ఆడడం లేదు. జాకెట్టు చేతిని తిరగేసి కుట్టింది. విప్పింది. మళ్లీ తిరగేసే కుట్టింది. చూపంతా పక్కన పెట్టుకున్న ఫోన్ మీదే. చెల్లెలికి పంపిన మెసేజ్ పక్కన ఒకటే టిక్కు. అంటే అవతలి ఫోన్‌కి అది చేరనే లేదు.

ఇంకొకరైతే మామూలుగా ఫోన్ చేసి "దిగినావా?" అని అడిగేసేది. మౌనికకి పుట్టినప్పటి నుంచీ వినబడదు. ఆమె మాట చేతుల్లో ఉంటుంది. వీడియో కాల్ ఉంటేనే ఆమెకి ఫోన్ ఉన్నట్టు, నెట్ ఉంటేనే వీడియో కాల్ ఉన్నట్టు.

మౌనిక రైల్వే వర్క్‌షాపులో పెయింటింగ్ సెక్షన్‌లో పనిచేస్తుంది. సాయంత్రమైతే బ్యాట్ తీసుకుని రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలుకి వెళ్లిపోతుంది. అలా ఆడి ఆడి, వినికిడి లేనివాళ్ల బ్యాడ్మింటన్ పోటీలకి దేశం తరఫున మలేసియా వెళ్లే జట్టులో చోటు సంపాదించింది. మిగతా జట్టు కోచ్ ఆలిస్‌తో కలిసి ఢిల్లీ నుంచి ముందే వెళ్లిపోయింది. మౌనిక పాస్‌పోర్టు ఆలస్యంగా రావడంతో కోల్‌కతా నుంచి ఒక్కతే బయల్దేరాల్సి వచ్చింది. మీనాకుమారి ఒద్దంటే ఒద్దంది. మౌనిక అక్క ఎదురుగా నిలబడి, రెండు చేతులతో ఖండితంగా చెప్పింది: "నాకు ముప్పై ఏళ్లు. నేను వెళ్తున్నాను."

మీనాకుమారి భయం ఊరికే పుట్టింది కాదు. బ్యాంకు నుంచి ఫోన్ వచ్చినా, ఆఫీసు నుంచి వచ్చినా, గ్యాస్ వాడు పిలిచినా చెల్లెలి తరఫున పలికేది తనే. మౌనిక మెయిలు కూడా తన ఫోన్‌లో తెరుచుకునేట్టు పెట్టుకుంది. ఇన్నేళ్లలో చెల్లెలి పనులన్నీ తన చేతిమీదుగానే జరిగాయి.

నెట్ సంగతి పై వాటాలో ఉండే రష్మిత చూసింది. రష్మితది గుంటూరు. ఇక్కడి ఇంజనీరింగ్ సంస్థలో ప్రాజెక్టు ఉద్యోగం, సదస్సులకని అప్పుడప్పుడు విదేశాలు వెళ్లొస్తుంటుంది. అక్కడ సిమ్ కార్డు కోసం తిరగక్కర్లేకుండా ఇక్కడే మౌనిక ఫోన్‌లో ఈసిమ్ ఎక్కించి పెట్టింది. కార్డూ గీర్డూ ఏమీ ఉండదు, ఒక కోడ్ స్కాన్ చేస్తే ఫోన్‌లోకి రెండో లైను వచ్చి కూర్చుంటుంది. "దిగాక ఈ లైను ఆన్ చెయ్యి. డేటాకి దీన్నే ఎంచుకో. దీనికి రోమింగ్ ఆన్ చెయ్యి, మన ఇండియా సిమ్‌కి మాత్రం వద్దు" అని రష్మిత రాసి చూపిస్తే మౌనిక రెండు మూడు సార్లు అలవాటు చేసుకుంది కూడా.

"ఇంకా రానేదేటి?" వంటింట్లోంచి ఉమాశంకర్ వచ్చాడు. అతను మీనాకుమారి భర్త, వర్క్‌షాపులోనే ఫిట్టరు. ఆ రోజు సెలవు.

"నేదండీ. ఒకటే టిక్కు. నాకు గుండె దడదడలాడిపోతున్నాది."

"లైన్లో నిలబడి ఉంటాదే. పాస్‌పోర్టు సూపించాల, సంచీ తీసుకోవాల."

అతను అంటుండగానే ఫోన్ టింగుమంది. మీనాకుమారి ఆశగా అందుకుంది. మెసేజ్ కాదు, మెయిలు. మౌనిక ఖాతాకి వచ్చిన హెచ్చరిక. ఎర్రటి గుర్తు కింద రెండు లైన్లు. మీ ఖాతాను పోలాండ్ నుంచి ఎవరో వాడుతున్నారు. ఇది మీరేనా?

కింద రెండు బటన్లు. అవును, నేనే. కాదు, నేను కాదు.

మీనాకుమారి ఫోన్‌ని కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. చదివింది తప్పేమోనని మళ్లీ చదివింది. పోలాండ్ అనే ఉంది.

"పోలాండేటండీ? అది మలేసియా కదేటి ఎల్లినాది?"

ఉమాశంకర్ ఫోన్ లాక్కుని చూశాడు. "దిగీ దిగగానే కొట్టేసినార్రా దేవుడా! ఫోన్ ఎవడి సేతిలోనో పడిపోనాది. దాని జీతం డబ్బులు, బేంకు యాపు, అన్నీ అందులోనే ఉన్నాయి."

"మరి అది? అదెక్కడున్నాదండీ?"

అతను తన ఫోన్ తీశాడు. కోచ్ ఆలిస్‌కి ఫోన్ చేస్తే రింగై రింగై ఆగిపోయింది. ఆట హాల్లో ఉండుంటుంది. మళ్లీ చేసినా అంతే.

"సూస్తావేటి, ముందు కాదని నొక్కు" అన్నాడతను.

మీనాకుమారి నొక్కింది. ఇంకో పేజీ తెరుచుకుంది. ఫోన్ పోయిందా? అయితే దాన్ని దూరం నుంచే లాక్ చెయ్యవచ్చు, లేదా అందులో ఉన్నదంతా తుడిచెయ్యవచ్చు.

"లాక్ సేస్తే సాలదు. వాడు తెరిసేస్తాడు. తుడిపేయ్" అన్నాడు ఉమాశంకర్.

"దాని ఫొటోలండీ, అమ్మ ఫొటోలు..."

"ఫొటోలు పోతే పోనాయి! తుడిపేయ్ మీనా!"

తుడిస్తే మళ్లీ వెనక్కి రాదు, సరేనా అని అది ఇంకోసారి అడిగింది. మీనాకుమారి బొటనవేలు ఒక్క క్షణం గాలిలో ఆగింది. తెలియని ఊళ్లో, తెలియని మనిషి ఎవడో చెల్లెలి ఫోన్ తిప్పుతూ కనిపించాడు ఆమెకి. సరే అని నొక్కేసింది.

సరిగ్గా అప్పుడే వాట్సాప్‌లో వీడియో వచ్చి పడింది. మౌనిక నుంచి.

మీనాకుమారికి ముందు అర్థం కాలేదు. వేలు దానంతటదే వీడియోని తాకింది. తెర నిండా మౌనిక. వెనక పెద్ద పెద్ద అద్దాలు, సామాన్ల బళ్లు తోసుకుపోతున్న జనం. ఫోన్‌ని సంచీకి ఆనించి నిలబెట్టినట్టుంది, రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. ముఖం వెలిగిపోతోంది. గబగబా చేతులు తిప్పుతోంది: "అక్కా! దిగాను. నెట్ రాలేదు. చాలాసేపు రాలేదు. రోమింగ్ బటన్ మర్చిపోయాను. ఎవర్నీ అడగలేదు. నేనే కనిపెట్టాను! ఇదిగో, పని చేస్తోంది. బయటికి వెళ్లి నీకు కాల్ చేస్తాను."

వీడియో ఆగిపోయింది.

మీనాకుమారి వీడియో కాల్ నొక్కింది. మోగలేదు. మళ్లీ నొక్కింది. "వీడియో చూశాను, ఇక్కడే ఉన్నాను, కాల్ చెయ్యి" అని మెసేజ్ పెట్టింది. ఒకటే టిక్కు.

"ఏటయినాది?" అన్నాడు ఉమాశంకర్.

"దాని సేతిలోనే ఉన్నాదండీ ఫోను" అంది. "దాని సేతిలో ఉండగానే తుడిపీసినాను."

ఆ తర్వాత ఎలా లేచిందో, చెప్పులు లేకుండా మెట్లెలా ఎక్కిందో ఆమెకి గుర్తులేదు. రష్మిత తలుపు తీసి, ఆమె ముఖం చూసి కంగారు పడిపోయింది. "అక్కా, ఏమైంది? మౌనిక క్షేమమేనా?"

మీనాకుమారి ఫోన్ చేతికిచ్చింది. రష్మిత హెచ్చరిక చదివి, ఆ తర్వాత జరిగింది విని, మంచం మీద కూలబడింది.

"అయ్యో అక్కా! అది దొంగ కాదు. ఆ ఈసిమ్ అమ్మిన కంపెనీ నెట్ పోలాండ్ మీదుగా తిరిగి వస్తుంది. మనిషి మలేసియాలో ఉన్నా మెయిల్ వాళ్లకి పోలాండ్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది. కిందటేడు వియత్నాం వెళ్లినప్పుడు నాకూ ఇలాగే వచ్చింది. మీకు చెప్పాలని తట్టనే లేదు నాకు."

"ఇప్పుడు మళ్లీ ఆ కోడు స్కాన్ సేస్తే రాదేటి?"

రష్మిత తల అడ్డంగా ఊపింది. "ఫోన్‌తో పాటు ఈసిమ్ కూడా పోయే ఉంటుంది. ఆ కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. అయినా కొత్తది కొన్నా ఆమెకి పంపేదెలా? ఫోన్ ఖాళీగా ఉంది కదా."

మీనాకుమారి గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. దేశం కాని దేశం. పిలిస్తే వినబడదు, నోటితో అడగలేదు. హోటల్ పేరు ఫోన్‌లో, ఆలిస్ నంబరు ఫోన్‌లో, తీసుకెళ్లడానికి వచ్చేవాళ్ల వివరాలూ ఫోన్‌లోనే. పలక మీది అక్షరాల్లా అన్నిటినీ తన వేలితోనే తుడిచేసింది. ఉమాశంకర్ కూడా పైకి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తుడిపెయ్యమన్నది తనే కాబట్టి మళ్లీ మళ్లీ తనే ఫోన్ చేస్తున్నాడు. ఆలిస్ ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది, ఎత్తేవాళ్లు లేరు. రష్మిత టీ పెట్టింది. ఎవరూ తాగలేదు.

టీ మీద మీగడ కట్టేసరికి మీనాకుమారి ఫోన్ మోగింది. తెలియని విదేశీ నంబరు. వీడియో కాల్. ఎత్తగానే ఎవరో అమ్మాయి కనిపించింది, మెడలో పోటీల గుర్తింపు కార్డు, చేతిలో మౌనిక పేరు రాసిన అట్ట. ఆమె నోరు విప్పలేదు. తన చెవి చూపించి, వేలు అడ్డంగా ఆడించి, నవ్వి, పక్కకి జరిగింది. ఆ పక్కనే మౌనిక.

మీనాకుమారికి ఏడుపు తన్నుకొచ్చింది. మౌనిక మాత్రం ఏడవడం లేదు. ఆవేశంతో చేతులు ఎగురుతున్నాయి: "ఈమె ఏంజెలా. ఇక్కడి వాలంటీరు. ఈమెకీ వినబడదు. బయట నా కోసమే నిలబడి ఉంది. నీ నంబరు నాకు కంఠతా వచ్చు కాబట్టి ఈమె ఫోన్‌లోంచి చేశాను. అక్కా, నా ఫోన్‌లోకి ఎవరో దొంగ దూరాడు! నా కళ్ల ముందే నల్లబడిపోయింది. అంతా తుడిచేశాడు. అమ్మ ఫొటోలు కూడా. బ్యాంకుకి ఫోన్ చెయ్యి, నా ఖాతా ఆపించు, తొందరగా!"

ఉమాశంకర్‌కి ఆ చేతుల భాష బాగానే తెలుసు. కెమెరాకి కనబడకుండా గోడవారన నిలబడి గొణిగాడు: "దొంగే అని సెప్పీ. ఇప్పుడేటి సెప్తావు దానికి? రేపు ఆట ఉన్నాది."

చెప్పెయ్యొచ్చు. పోలాండ్ దొంగ అంటే మౌనిక నమ్ముతుంది. ఎప్పటికీ తెలియదు. మీనాకుమారి చేతులు పైకి లేచి, మధ్యలోనే ఆగిపోయాయి. తెరలో మౌనిక ఆత్రంగా చూస్తోంది.

మీనాకుమారి చూపుడువేలితో తన గుండెని తాకింది. "నేను."

మౌనిక కనుబొమలు ముడిచింది. నెట్ సరిగ్గా లేక చేతి గుర్తు తప్పు చదివాననుకున్నట్టుంది. "మళ్లీ చెప్పు."

"నేనే. తుడిచింది నేనే. పోలాండ్ అని వచ్చింది. ఫోన్ పోయిందనుకున్నాను. భయపడ్డాను."

మౌనిక కదలలేదు. ఎప్పుడూ ఖాళీగా ఉండని ఆ చేతులు రెండూ కిందికి వాలిపోయాయి. దొంగ అనుకున్నప్పుడు కోపమొచ్చిన ముఖం ఇప్పుడు తెల్లబోయింది. పక్కనున్న ఏంజెలా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఫోన్‌ని గట్టిగా పట్టుకుంది.

మౌనిక నెమ్మదిగా, ఒక్కో గుర్తూ విడివిడిగా చూపించింది: "ఏమని అడిగింది అది?"

"ఇది మీరేనా అని."

"ఎవర్ని అడిగింది?"

మీనాకుమారి చేతులు లేవలేదు.

"నన్ను అడిగింది. నువ్వెందుకు చెప్పావు?"

అని, మౌనిక కళ్లు మూసుకుంది. చేతులతో మాట్లాడేవాళ్ల దగ్గర అంతకంటే గట్టిగా మూసుకునే తలుపు లేదు. మీనాకుమారి తెర ముందు చెయ్యి ఊపుతూనే ఉంది, చూడమని. మౌనిక చూడలేదు. కాసేపటికి కాల్ ఆగిపోయింది.

సాయంత్రానికి ఆలిస్ మెసేజ్ పెట్టింది. మౌనిక హోటల్‌కి క్షేమంగా చేరింది. ఎయిర్‌పోర్టు కౌంటర్లో అక్కడి సిమ్ కొనుక్కుంది, ఫోన్‌ని ఏంజెలాతో కలిసి మొదటి నుంచీ పెట్టుకుంది. ఆ కాసేపటికే మీనాకుమారి ఫోన్‌లోంచి మౌనిక మెయిలు మాయమైంది. పాస్‌వర్డు మార్చేశారు, మళ్లీ లోపలికి రండి అంది తెర. ఎక్కడికి రావాలి? మీనాకుమారి ఆ పేజీని మూసేసి, దీపాలు పెట్టడానికి లేచింది.

రెండు రోజులు మౌనిక నుంచి కాల్ లేదు. ఆట కబుర్లన్నీ ఆలిస్ ద్వారానే. మొదటి మ్యాచ్ నెగ్గింది. రెండోది మూడో గేమ్ దాకా లాగి ఓడిపోయింది. మీనాకుమారి అన్నం ముందు కూర్చోవడం, లేచిపోవడం. ఉమాశంకర్ మెల్లిగా ఒకసారి, "నానే కదే తుడిపెయ్యమన్నాను" అన్నాడు. "నొక్కింది నానండీ" అందామె.

మూడో రోజు మధ్యాహ్నం వీడియో కాల్ వచ్చింది. మీనాకుమారి ఎత్తడానికి ముందు చీర చెంగుతో చేతులు రెండుసార్లు తుడుచుకుంది. మౌనిక ఏదో బజారులో ఉంది. పక్కన ఏంజెలా ఎర్రటి పండొకటి ఒలుస్తోంది. మౌనిక ముఖంలో పూర్తి నవ్వు లేదు గానీ, కళ్లు తెరిచే ఉన్నాయి.

"అమ్మ ఫొటోలు కొన్ని బావ ఫోన్‌లో ఉన్నాయా?" అని అడిగింది.

"ఉన్నాయి. వెతికి పంపిస్తాను" అంది మీనాకుమారి. "నీకు కావలసినవి ఏవో నువ్వే చెప్పు."

మౌనిక ఏంజెలా ఇచ్చిన పండు తొన నోట్లో పెట్టుకుని, నమిలి, చేతులు తుడుచుకుని, అప్పుడు చెప్పింది: "చలికాలం ఈమె ఖరగ్‌పూర్ వస్తానంటోంది. మనింట్లోనే ఉంటుంది. రష్మితని అడిగి ఇండియాకి పనికొచ్చే ఈసిమ్ చూసి పెట్టమను."

"అడుగుతాను."

"అడుగు. అంతే." మౌనిక వేలు చూపించింది, పెదవుల మూల నవ్వు ఆగలేదు. "ఈమె ఫోన్ మాత్రం నువ్వు ముట్టుకోకు."