పద్నాలుగో నంబరు

సాయంత్రం ఆరు లోపు పేపరు సరిదిద్ది పంపకపోతే పత్రిక వాళ్లు శ్రీరమ్యను మళ్లీ మొదటి నుంచి రమ్మంటారు. పేపరు అచ్చుకు ఒప్పుకున్నామనే ఉత్తరం చేతిలో లేకపోతే, వచ్చే వారం పరిశోధనా కేంద్రంలో ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లినా ఒకటే, మానినా ఒకటే. ఇంత గండం నెత్తిన పెట్టుకుని ఆ పిల్ల పొద్దున్నుంచీ చేస్తున్న పని ఏమిటయ్యా అంటే, కామాలు దిద్దడం.

ఒక్కో సైన్సు పత్రికకి ఒక్కో చాదస్తం. పేపరు చివర ఇచ్చే రిఫరెన్సుల్లో ఒకళ్లకి ఏడాది బ్రాకెట్లో ఉండాలి, ఇంకొకళ్లకి బ్రాకెట్ కంటపడితే ఒళ్లు మంట. వీళ్లు మరీ ముదుర్లు, ప్రతిదానికీ పేజీ నంబర్లు కావాలన్నారు. నలభై చిల్లర రిఫరెన్సుల్లో అన్నిటికీ దొరికాయి, ఒక్క పద్నాలుగో నంబరుకి తప్ప.

దొరక్కపోతే పోనీలే అనుకునే నంబరు కాదది. మిరప చేను చుట్టూ రెండు వరసల జొన్న వేస్తే తామర పురుగు సగానికి సగం తగ్గుతుందని చెప్పిన పేపరు. శ్రీరమ్య పరిశోధన అంతా దాని మీదే నిలబడింది. పర్చూరు దగ్గర తన తండ్రి బుల్లయ్య చేలోనే రెండేళ్లు జొన్న వేయించి, మిరపాకులు తిప్పి తిప్పి పురుగులు లెక్కపెట్టింది. రెండేళ్లూ మూడో వంతు తగ్గాయి గానీ సగం తగ్గలేదు. ఆ తేడాకి పేపర్లో ఒక పేరా నిండా సంజాయిషీ రాసుకుంది. జొన్న పలచగా మొలిచిందని, వరసలు సరిగా వేయలేదని.

వేయలేదంటే నాన్న వేయలేదని. మొదటి ఏడు మిరప కల్లంలో, కాయలు ఏరుతున్న కూలీలంతా వింటుండగా, "నీ చేతకానితనం వల్ల నా లెక్కంతా తప్పింది నాన్నా" అనేసింది. రెండో ఏడు బుల్లయ్య వరస తిన్నగా రావాలని తాడు పట్టుకుని, నడుం వంచి, గింజ గింజా తనే నాటాడు. అయినా మూడో వంతే.

శ్రీరమ్య కూర్చుంది, లేచింది, నీళ్లు తాగింది, మళ్లీ కూర్చుంది. పద్నాలుగో నంబరు వచ్చిందన్న పత్రిక పాత సంచికలన్నీ కంప్యూటర్లో తిరగేసింది. ఆ సంపుటి ఉంది. అందులో ఆ పేపరు మాత్రం లేదు.

అసలు ఆ జాబితా ఆమె కట్టింది కాదు. గైడు శశిభూషణ్ గారి దగ్గర చేరిన ప్రతివాళ్లకీ మొదటి రోజే ఆయన తన రిఫరెన్సుల ఫైలు పంపుతారు. పక్కింటి తోడుతో పెరుగు వేసుకున్నట్టు అందరూ దాంతోనే మొదలెడతారు. తోడు ఎక్కడిదని ఎవరడుగుతారు?

సీనియర్లకి ఫోన్లు చేసింది. అందరిదీ ఒకటే జవాబు, సార్ ఫైల్లోదే అని. పాత పేపర్లు వెతికితే, ఆ పేపరుని సార్ కంటే ముందు ప్రస్తావించింది ఒక్కరే, సార్‌కి గైడుగా ఉన్న బాలత్రిపురసుందరి గారు. రిటైరై మంగళగిరిలో ఉంటున్నారు.

"ఎప్పటి మాటో ఫోన్లో ఏం చెప్పనమ్మా? నా థీసిస్ ఇంట్లోనే ఉంది, వచ్చి నీ కళ్లతో చూసుకో" అన్నారావిడ.

మిట్టమధ్యాహ్నం గుంటూరు బస్టాండులో బస్సెక్కింది. బస్సు ఆగిన ప్రతిచోటా డ్రైవరు మీద కోపం వచ్చింది. మంగళగిరిలో సుందరి గారు మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, అట్ట ఊడిన థీసిస్ ముందు పెట్టారు. వెనక జాబితాలో ఆ పేపరు పేరు కనబడింది. పక్కన ఏడాది లేదు, సంపుటి లేదు. 'అచ్చులో ఉంది' అని మాత్రం ఉంది.

"ఆ పేపరు రాసినాయన ఒక సభలో చెబితే విన్నాను. పేపరు వస్తోందన్నాడు, నమ్మి రాసుకున్నాను" అన్నారు సుందరి గారు. "తర్వాత ఆయన పోయాడు. ఆ పేపరు నేనైతే చూడలేదు."

"మరి ఏడాది ఎవరు వేశారండి?"

"నేను వేయలేదమ్మా. నా తర్వాత అది వాడుకున్నది శశిభూషణే. వాడినే అడుగు."

శ్రీరమ్య తిరుగు బస్సెక్కింది. గైడుని పట్టుకుని ఇది మీ పనేనా అని అడగడం ఎంత కష్టమో, అడిగిన వాళ్లకే తెలుస్తుంది. ఇంటర్వ్యూకి సిఫార్సు ఉత్తరం రాయాల్సింది కూడా ఆయనే మరి.

గుంటూరులో దిగి, నేరుగా ఆయన గదికి వెళ్లి అడిగింది. శశిభూషణ్ గారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"నా మొదటి పేపరప్పుడు ఏడాది లేని రిఫరెన్సు పనికిరాదన్నారమ్మా. ఈపాటికి వచ్చే ఉంటుంది కదాని ఏడాదీ సంపుటీ ఉజ్జాయింపుగా వేశాను. తర్వాత సరిచూద్దామనుకున్నాను."

"చూశారా సార్?"

"చూడలేదు. తర్వాతి పేపర్లో నా పేపర్లోదే ఎక్కించాను. ఆ పైన నిజంగా చదివాననే అనుకుంటూ వచ్చాను." గొంతు తగ్గించారు. "ఇప్పుడు కదిపితే నా పేపర్లన్నీ కదులుతాయి. ఏదో ఒక పేజీ నంబరు వేసి పంపెయ్. ఇన్నేళ్లలో ఎవరూ తెరిచి చూడలేదు."

ఆరు దగ్గరపడుతోంది. వేసెయ్యొచ్చు. ఒక అంకె, ఒక గీత, ఇంకో అంకె, అంతే కదా. శ్రీరమ్యకి భయం వేసింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది.

"ఈ నంబరు నమ్మి మా నాన్నని నలుగురిలో చేతకానివాడన్నాను సార్. జొన్న ఆయన సరిగ్గానే వేశాడు. నా లెక్కా సరిగ్గానే ఉంది. నేను వెయ్యలేను."

ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. కంప్యూటరు వైపు చూశారు గానీ ఆమె వైపు చూడలేదు.

"పద్నాలుగు తీసేస్తే కింద నంబర్లన్నీ ఒక్కోటి పైకి జరుగుతాయి. పేపరు లోపల కూడా మార్చాలి. కంగారులో ఏదీ వదిలెయ్యకు" అన్నారు.

నంబర్లు మార్చింది. సంజాయిషీ పేరా మొత్తం చెరిపేసింది. సగానికి సగం తగ్గుతుందన్న మాటకి అచ్చయిన ఆధారం దొరకలేదనీ, తమ చేలో రెండేళ్లూ మూడో వంతే తగ్గిందనీ రెండు వాక్యాలు రాసింది. ఒప్పుకుంటారో, తిప్పి కొడతారో తెలియదు. పంపేసి, నాన్నకి ఫోన్ చేసింది.

బుల్లయ్య కల్లంలోనే ఉన్నాడు. కాయల ఘాటుకి వెనక ఎవరో దగ్గుతున్నారు. ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"అయితే జొన్న నేను బాగానే ఏశానంటావు?"

"బాగానే వేశావు నాన్నా. తప్పు నాదే."

"రెండేళ్లూనా?"

"రెండేళ్లూ."

"నలుగురిలో అన్నావు గదమ్మా" అన్నాడు. "ఇప్పుడు ఫోన్లో, నాకొక్కడికీ చెబితే ఎట్టా? అప్పటి కూలోళ్లే రేపూ ఉంటారు. వచ్చి ఈళ్లకి చెప్పు."

శ్రీరమ్య కంప్యూటరు కట్టేసి, పర్చూరు వెళ్లడానికి చిలకలూరిపేట బస్సు కోసం బయల్దేరింది.