మోకు చివరి మనిషి

కొండ కుంగు వేళ కూర్మమై మోసిన
స్వామి నిన్ను దలతు సభకు ముందు
తాడు పట్టి నిలుచు తనయులఁ గావవే
పట్టు విడుచు వేళ పజ్జ నిలిచి

లాలాగూడ రైల్వే కార్ఖానాలో సోమయ్య కమ్మరి. పని విడిచాక రస్సాకషీ, అంటే మోకులాగుడు, జట్టులో మోకు పట్టేవాడు. ఎనిమిది మంది జట్టులో ఏడో చోటు అతనిది. అతని వెనుక, మోకు కొసను నడుముకు చుట్టుకొని, మడమలు నేలలో నాటి నిలిచే ఎనిమిదో చోటు మౌలా అలీది. పన్నెండేళ్లుగా ఆ మనిషి ఊపిరి మెడకు తగులుతుండగానే సోమయ్య లాగాడు.

1948 శ్రావణంలో లండనులో లోకమంతటి ఆటల పందేలు జరిగాయి. జట్టు పెద్ద జీవరాజు పత్రిక చదివి వినిపించాడు: పరుగు, ఈత, కుస్తీ, కత్తిసాము, పడవలు, గుర్రపుస్వారీ.

“రస్సాకషీ యాడున్నది?” అన్నాడు జట్టులోని జంగయ్య.

“లేదు. ఎనకట ఉండెనంట. ఇరవై ఎనిమిదేండ్ల కిందటి సంది తీసేసిన్రంట.”

“గుర్రానికి సుత జాగా ఉన్నది, మనకు లేదా? ఏందీ లోకం!”

“వాళ్ల మోకు తెగిందేమో. మనది పంపుదాం తీ,” అని మౌలా అలీ పగలబడి నవ్వాడు.

మరుసటి నెలే పోలీసు యాక్షన్ వచ్చింది. నిజాం రాజ్యం తలవంచిన వారానికి, ముస్లింల మీద దాడులు చెలరేగిన బీదరు దిక్కు పల్లెలో ఉన్న తల్లిని తెచ్చుకుంటానని మౌలా అలీ బయలుదేరాడు. తల్లి ఎవరి బండిలోనో సికింద్రాబాదు చేరింది. కొడుకు చేరలేదు. మూడు నెలలైనా జాడ లేదు.

మార్గశిరంలో కార్ఖానాలోని కమ్మరి షెడ్డుకూ రంగుల షెడ్డుకూ మధ్య పందెం పడింది. జీవరాజు ఎనిమిదో చోటుకు వేరొకరిని చూడసాగాడు. అయితే ఆ జట్టుకొక కట్టుబాటు ఉంది. బతికున్నవాడి చోటు మరొకరికి ఇవ్వరు. ఇచ్చారంటే వాడు పోయాడని ఒప్పుకొన్నట్టే. ఆ మాట చెప్పవలసినది వాడి ముందు నిలిచేవాడు, అంటే సోమయ్య.

పందెం నాటి మధ్యాహ్నం మౌలా అలీ భార్య ఖమర్ బీ చిలకలగూడ నుంచి మైదానానికి నడిచి వచ్చింది.

“సోమన్నా, మా తమ్ముడు ఇద్దత్‌ల కూసొమ్మంటుండు. బతికున్నోని కోసం నాలుగు నెల్ల పది దినాలు విధవ లెక్క ఇంట్ల ఎట్ల కూసుంట? పోయినోని కోసం ఈ నల్లపూసలు ఎట్ల ఏసుకుంట? నువ్వే చెప్పు. నువ్వేదంటే అదే.”

సోమయ్య మోకు కొసను నేల మీద పరిచాడు. “జెర ఆగు చెల్లె. ఈ పందెం ఆయన జాగ ఖాళీగనే ఉంచుతం.”

“ఏడుగురం ఎనిమిది మందిని గుంజాల్నా?” జీవరాజు పరేషాన్ అయ్యాడు. “రంగుల షెడ్డోళ్లు నవ్వుతరు.”

“నవ్వనీ.”

ఈల మోగింది. మొదటి లాగుకు ఏడుగురూ రెండడుగులు ముందుకు జారారు. అంతలో జారుడు ఆగింది. సోమయ్య మెడకు వెచ్చని ఊపిరి తగిలింది. వెనుక నేల మీద పడి ఉండవలసిన మోకు కొస నడుమెత్తున లేచి బిగిసి ఉంది. దాని కింద మట్టిలో రెండు మడమల గుంతలు పడి, చూస్తుండగానే లోతవుతున్నాయి. వాటిలో పాదాలు లేవు. మైదానంలో కేకలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. రంగుల షెడ్డువారు గీత దాటి వచ్చి బోర్లాపడ్డారు.

పందెం ముగిసింది, మోకు మాత్రం సడలలేదు. చివరి మనిషి ఇక చాలని “బస్” అనేదాకా పట్టు వదలకూడదన్నది ఆటలో నియమం. వదులుదామన్నా ఏడుగురి గుప్పిళ్లూ తెరుచుకోలేదు.

ఖమర్ బీ మెల్లగా నడిచి వచ్చి ఆ గుంతల ఎదుట నిలిచింది.

“గింత తక్లీఫ్ ఎందుకు పడుతున్నవ్? అమ్మీ వచ్చేసింది. మన ఇంట్లనే ఉన్నది. పొద్దుగాల గంజి తాగింది. నువ్వు తేలేదని ఫికర్ చెయ్యకు.”

సోమయ్య చెవి దగ్గర అలసిన గొంతు ఒకటి, తల్లి చేరిందన్న మాట కోసమే ఇన్నాళ్లు నిలిచినట్టు, “బస్” అన్నది. గుప్పిళ్లు విడిపోయాయి. మోకు నేల మీద పడింది.

“అన్నా, నీకేమన్నా వినొచ్చిందా?” అని అడిగింది ఖమర్ బీ.

అబద్ధమాడితే ఆమె మరికొన్నాళ్లు గుమ్మంలో నిలుచుంటుంది. సోమయ్య కళ్లు మూసుకొని, “వినొచ్చింది చెల్లె. ఆయనే,” అన్నాడు.

ఆమె ఏడవలేదు. మెడలోని నల్లపూసలు తీసి కొంగున ముడివేసుకొని చిలకలగూడ దారి పట్టింది. సోమయ్య ఇంటికి వెళ్లి, సొంత అన్న పోయినప్పటిలాగే బావి దగ్గర తలమీదుగా చన్నీళ్లు గుమ్మరించుకున్నాడు.

దారిలో నిలిచిపోయిన జీవులకు విశ్రాంతి దొరుకుగాక. ఈ కథ చెవినబెట్టిన వారందరి ఇళ్లకు, బయలుదేరినవారు క్షేమంగా చేరుదురుగాక.