ఆపు మీట నొక్కిన నర్సు

నర్సు ఆపు మీట నొక్కనే లేదని ఆసుపత్రి విచారణ గదిలో పంపు కంపెనీ మేనేజరు తేల్చేశాడు. మందు పంపు ఆగక రోగి చావు అంచుల దాకా వెళ్లి బయటపడ్డాడు. సాయంత్రానికల్లా నర్సు ఉద్యోగం ఊడేలా ఉంది. మేనేజరు అదే రకం పంపు బల్ల మీద పెట్టి మీట నొక్కాడు. ఠక్కున ఆగింది.

పంపును నడిపే కెర్నెల్ అనే మూల ప్రోగ్రాము రాసిన కంపెనీ ఇంజనీరుకు ఒళ్లు మండింది. బల్ల మీది పంపులో ఉన్నది పరీక్షల కోసం తయారు చేసిన కోడ్. వార్డు పంపులో ఉన్నది, రాసిన కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ వేగం కోసం చెక్కిన కోడ్. పొద్దున ఆమె ఆ కోడ్‌ను తన కంప్యూటర్లో విప్పి చూసింది. మీట నొక్కితే మెమరీలో ఒక గుర్తు మారుతుంది. పంపు తిరుగుతున్నంతసేపూ ప్రోగ్రాము దాన్ని మళ్లీ మళ్లీ చదవాలి. ఈ లూపులో దాన్నెవరూ మార్చడం లేదుగా అని కంపైలర్ ఒక్కసారే చదివి, ఆ విలువనే ప్రాసెసర్ లోపలి రిజిస్టరులో దాచుకుని తిప్పేసింది. నర్సు వందసార్లు నొక్కినా పట్టించుకునే దిక్కులేదు.

ప్రతిసారీ చదవమని చెప్పే వోలటైల్ అన్న మాట మొదట్లో అక్కడుండేది. కెర్నెల్‌లో అది తీసేసి, అదే పని ఇంకా భద్రంగా చేసే అటామిక్ రీడ్ పెట్టాలన్నది టీమ్ నియమం. మేనేజరు తీసెయ్యడం వరకే పాటించాడు. ఒక్క పూటలో ముప్ఫై ఏడు చోట్ల ఆ మాట పీకేసి, కోడ్ శుభ్రం చేశానని చంకలు గుద్దుకున్నాడు. ఆ మార్పులు చూసి సరేనని టిక్కు పెట్టింది ఇంజనీరు తనే.

విరామంలో వరండాలో ఆ సంగతి చెబితే మేనేజరు గొంతు తగ్గించాడు. "టిక్కు నీదేనమ్మా. మునిగితే ఇద్దరం మునుగుతాం. ఆ నర్సుకు ఇంకో ఆసుపత్రి దొరక్కపోదు."

ఆమె లోపలికి వెళ్లి, మూలన సీలు వేసి ఉంచిన వార్డు పంపును తెరిపించమంది. విచారణ జరుపుతున్న ఆసుపత్రి సూపరింటెండెంటు ఒప్పుకుంది. మందుకు బదులు నీళ్లు పెట్టి నడిపారు. నొక్కమంటే నర్సు కదల్లేదు.

"ఆయన్ని నొక్కమనండి. నేను నొక్కనే లేదన్నారుగా."

మేనేజరు నొక్కాడు. మళ్లీ నొక్కాడు. బొటనవేలు తెల్లబడేలా అదిమాడు. నీళ్లు బల్ల మీదుగా అతని ఫైలు కిందికి పారుతూనే ఉన్నాయి.

"తీసేసింది ఆయన, సరేనన్నది నేను. ఇద్దరి పేర్లూ రాసుకోండి మేడమ్," అంది ఇంజనీరు.

సూపరింటెండెంటు నర్సు ముందున్న ఉద్యోగం తీసేసే కాగితాన్ని వెనక్కి లాక్కుంది. ఇంకా తిరుగుతున్న పంపు ప్లగ్గు పీకింది మాత్రం నర్సే.