తేరు ఎడమకు తిరిగిన రోజు

ఈ ఉదయం మా పెరట్లో ఆరేసిన చీరలు మళ్లీ తడుస్తున్నాయి. వాన లేదు. కాలం వెనక్కి పోతోంది, అంతే. పెరటి వరకే కాబట్టి ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేదు.

వీధి గడప ముందు మా అవ్వ తిమ్మక్క పీట వేసుకుని కూర్చుంది. ఈరోజు తేరు. కాపురానికి వచ్చినప్పటి నుంచి తేరునాడు ఆమె చోటు అదే. తేరు మాత్రం నాలుగు దారుల దగ్గర కుడికి తిరిగి పెద్దవీధికి పోతుంది. స్వామి ఎడమకు తిరగడనీ, మొదటి తేరు నుంచీ అదే ఆచారమనీ గుడి పెద్దలంటారు. పోనీ అక్కడిదాకా పోయి చూసి రమ్మంటే అవ్వ వినదు.

"ఎదురు పోను. ఆయనే రావాల," అంటుంది.

ఈ ఏడు ఆమె చూపు బాగా సన్నగిల్లింది. వచ్చే ఏటికి స్వామి వచ్చి గడపలో నిలబడినా కనబడడు. నాకు ఒళ్లు మండుతోంది. ఆ ఆచారం ఎక్కడ మొదలైందో చూసి వస్తానని చెప్పి, పీట అడుగుతాను. మోకాళ్లు నొస్తాయి, తొందరగా రమ్మని అవ్వ లేచి ఇస్తుంది.

పీట చంకన పెట్టుకుని పెరట్లోకి పోయి దండెం మీది చీరను పక్కకు తోస్తాను. దాని వెనక ఇంకో దండెం, దాని మీద అవ్వ పెళ్లిచీర. అది తోస్తే అవ్వ అత్త కట్టిన ముతక చీర. ఒక్కో చీర దాటితే ఒక్కో జీవితం వెనక్కి పోతున్నాను. ముఖానికి తగిలే ప్రతి తడి కొంగూ పసుపు వాసన వేస్తోంది. చిట్టచివరి దండెం మీద రంగులేని గుడ్డ ఒకటుంది. దాన్ని తోస్తే నాలుగు దారులు, మొదటి తేరు.

తేరు కలప పచ్చిది, ఇంకా చిగుళ్లు వేస్తోంది. జనం మోకు లాగుతున్నారు. అయితే తేరును తిప్పేది మోకు కాదు, చక్రం కింద పెట్టే చెక్క. ఏ పక్క చక్రాన్ని ఆపితే ఆ పక్కకు తిరుగుతుంది. ఆ చెక్క పట్టుకుని కుడి చక్రం దగ్గర మా మూలపురుషుడు సుంకన్న వంగి ఉన్నాడు. ముక్కు అచ్చం మా నాన్నదే.

మన వీధి వదిలి అటెందుకు తిప్పుతున్నావని అడుగుతాను. ఆయన తల దించుకుంటాడు.

"మన ఆడోళ్లంతా తెల్లారకముందే తేరు చూడను వచ్చేసినారు మ్మా. వీధిలో ఒక్క గడప ముందర కల్లాపి లేదు, ముగ్గు లేదు. అట్లాంటి చోటికి స్వామిని ఎట్ల పిల్చుకపోయేది? సిగ్గు గాదా?"

శాస్త్రం కాదు, దేవుడి మాట కాదు, ముగ్గు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి.

"ముగ్గు లేకుంటే ఏమి నాయనా, మా అవ్వ కాచుకోని ఉంది," అంటాను.

సుంకన్న ఆలోచిస్తాడు. ఆ కాసేపట్లో తేరుకు పూలు పూస్తాయి.

"మనిషుంటే సరే," అని పక్కకు జరుగుతాడు.

పీటను ఎడమ చక్రం కింద పెడతాను. చక్రం మూలుగుతుంది, పీట మూలుగుతుంది, తేరు ఎడమకు తిరుగుతుంది. సుంకన్న ఈల వేస్తాడు. ఇంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

గాడి పడిన పీటతో తిరిగి వస్తుంటే దండేల మీద ఒక్క చీరా లేదు. అవన్నీ కొంగుకు కొంగు ముడిపడి తేరుకు మోకైనాయి. ఆ చీరలు కట్టుకున్న ఆడవాళ్లందరూ వరసగా నిలబడి లాగుతున్నారు. తేరు మా గడప ముందుకు వచ్చి ఆగుతుంది. తేరునాడు ఈ వీధిలో ముగ్గు వేయకూడదనీ, మొదటి తేరు నుంచీ అదే ఆచారమనీ గుడి పెద్దలు అందరికీ చెబుతున్నారు.

స్వామి దిగుతాడు. ఆయన పంచలోహపు మోకాళ్లు కిర్రుమంటాయి. అవ్వ చేయి చాచి ఆయన ముఖం తడిమి చూస్తుంది.

"తోమి తోమి చిక్కించినారే నిన్ను," అంటుంది. నా చేతిలో పీట తీసుకుని గడప ముందు వేస్తుంది. "కూచో. నేనొక సుట్టు పోయొస్తా."

అవ్వ తేరెక్కుతుంది. చీరలు బిగుసుకుంటాయి, ఊరంతా కేక వేస్తుంది, తేరు కదులుతుంది.

మలుపు తిరిగి చాలాసేపయింది. స్వామి పీట మీద అటూ ఇటూ సర్దుకుంటున్నాడు, మెడ సాచి వీధి చివరికి చూస్తున్నాడు. కొంచెం ముందుకు పోయి చూసి రానా అని నన్ను అడుగుతున్నాడు.

ఎదురు పోకూడదు, ఆమే రావాలని చెబుతాను.