చల్లారని గుండ

దేవమణికి నోరెక్కువని ఆమదాలవలసలో వాళ్ళ పేట మొత్తానికీ తెలుసు. తప్పు కనిపిస్తే కడుపులో దాచుకునే మనిషి కాదు. పాస్టరుగారు ప్రసంగం సాగదీస్తే గుమ్మం దగ్గరే ఆపి చెప్పేది. విందులో కూర ఉప్పగా ఉంటే వండినావిడకి వినపడేలా చెప్పేది. అటువంటి మనిషికి ఆగస్టు వానల్లో ఒక పొద్దున్న పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ, కుడికాలూ, వాటితో పాటు నోరూ పడిపోయాయి. కాలు కర్ర సాయంతో కొంత దారికొచ్చింది. చెయ్యి రాలేదు. నోట్లో మాత్రం ఒకే ఒక్క మాట మిగిలింది.

"స్తోత్రం."

నీళ్ళు కావాలన్నా స్తోత్రం. ఫ్యాను ఆపమన్నా స్తోత్రం. చెప్పదల్చుకున్న మాట లోపల నిండుగా తయారై పెదాల దాకా వచ్చేది, తీరా బయటపడేసరికి ఇదే అయి కూర్చునేది. శ్రీకాకుళంలో చూసిన డాక్టరు ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. మాటలు ఎక్కడికీ పోలేదు, బయటికొచ్చే దారి దెబ్బతింది, బాగా అలవాటైన మాట ఏదో ఒకటి అలా మిగిలిపోతూ ఉంటుంది, దాని అర్థం పట్టించుకోకండి అన్నాడు. తన దగ్గరికొచ్చే మరో ముసలాయనకి బూతుమాట ఒక్కటే మిగిలిందట. అది విని దేవమణి భర్త కృపానిధి, రైల్వేలో చేసి రిటైరైన మనిషి, అయితే మా ఆవిడ నయమే అని ఊపిరి పీల్చుకున్నాడు. ఆ సంబరంలో డాక్టరు చెప్పిన మిగతాదంతా మర్చిపోయాడు.

ఇక పేటంతా పొగడ్తలే. ఒళ్ళంతా పడిపోయినా దేవుడి స్తుతి మాత్రం పోలేదని పాస్టరుగారు ఆదివారం అందరికీ చెప్పారు. ఇంటికొచ్చి ప్రార్థన చేసిన ప్రతివాళ్ళూ ఆమెన్ అనేముందు ఆగి దేవమణి వైపు చూడటం మొదలుపెట్టారు. ఆవిడ ఏదో ఒకటి అందామని నోరు తెరిచేది, స్తోత్రం వచ్చేది, అప్పుడు అందరూ తృప్తిగా ఆమెన్ అనేవారు. కొన్నాళ్ళకి ఆ ఇంట్లో అన్నం ముందు ప్రార్థనకి కూడా అదే పద్ధతయింది. దేవమణికి భక్తి లేదని కాదు. కానీ వేడి కాఫీ ఒళ్ళో ఒలికినప్పుడు కూడా దేవుణ్ణి స్తుతించిందని ఊరంతా చెప్పుకుంటుంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుందా లేదా?

తల అడ్డంగా ఊపొచ్చు కదా అని మనకి అనిపిస్తుంది. ఆ తల కూడా ఆవిడ మాట వినడం మానేసింది, వద్దనుకుంటే నిలువుగా ఊగేది. ఎడమచేత్తో పలక మీద రాయించి చూశారు. సున్నా ఒకటి వచ్చింది, దాని తర్వాత ఏం రాయాలో చేతికి తెలియలేదు.

ఇప్పుడు ఆ ఇంటి మసాలా గుండ సంగతి చెప్పాలి. ఏటా వానలు వెనకపట్టి ఎండ మళ్ళీ చురుక్కుమనే రోజుల్లో దేవమణి గుండ కొట్టేది. నగరేశ్వరరావు కొట్టు నుంచి ధనియాలు, సాజీరా, లవంగాలు, చెక్క, యాలకులు, మరాటిమొగ్గ, జాపత్రి, రాతిపువ్వు తెప్పించి, డాబా మీద ఎండబెట్టి, దేనికది విడిగా వేయించి పొడి కొట్టేది. క్రిస్మస్‌కి వేటమాంసం, జనవరి ఒకటికి కోడి పలావు, మధ్యలో చుట్టాలు దిగితే రొయ్యల ఇగురు, అన్నిటికీ ఆ గుండే. మొదటి సీసా చర్చికి. నవంబరులో కోతపండుగనాడు పేటవాళ్ళు గుమ్మడికాయలూ, వరికంకులూ, కోడిపుంజులూ తెచ్చి దేవుడి ముందు పెడతారు, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. దేవమణి సీసా వచ్చేసరికి స్టాన్లీ మేస్టారు లేచి నిలబడి మరీ పాడేవాడు, ఇంకొకరికి పోనిచ్చేవాడు కాదు. రెండో సీసా విజయనగరంలో కాపురముంటున్న కూతురు బేబీకి. పెద్ద సీసా ఇంటికి.

కోడలు శాంతిని మాత్రం ఆ మూకుడు దరిదాపుల్లోకి రానిచ్చేది కాదు. శాంతి పలాస పిల్ల, నెమ్మదస్తురాలు, గట్టిగా ఒక మాటంటే కళ్ళనీళ్ళు పెట్టుకునే రకం. నేను పోయాక చేద్దువుగానిలే అని ఆ పిల్లని వెల్లుల్లి ఒలవడానికి పెరట్లోకి తోలేసేది. కొట్టిన గుండని లోపలి గదిలో తెల్లగుడ్డ మీద పల్చగా పరిచి, ఒక పూటంతా చల్లారనిచ్చి, ఆ తర్వాత సీసాలకెత్తేది. పిల్లి దూరకుండా తలుపు వేసి ఉంచేది. అందుకే చల్లార్చడమనే పని ఒకటుందని ఆ ఇంట్లో దేవమణికి తప్ప ఒక్కరికీ తెలియదు.

ఈ ఏడు గుండ మాట ఎవరూ ఎత్తలేదు. కోతపండుగ దగ్గరికొచ్చాక శాంతే ఎత్తింది. అత్త పేరు మీద సీసా లేకుండా పండుగ ఎలా జరుగుతుందంది, తాను కొడతానంది. మొగుడు సంజయ్ నీకొచ్చా అని నవ్వితే, ఇన్నేళ్ళు దూరం నుంచైనా చూశాను కదా అంది. కుర్చీలో కూర్చుని వింటున్న దేవమణికి గుండె నిండిపోయింది. పిల్ల మీద అంతవరకూ అంత ప్రేమ కలగలేదంటే అబద్ధం కాదు.

తీరా సరుకులొచ్చేసరికి బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. ఆకాశం మూసుకుపోయి ముసురు మొదలైంది. ఎండ రాలేదు, పండుగ ఆగదు. ముందురోజు మధ్యాహ్నం శాంతి పొయ్యి వెలిగించింది. వంటగది గుమ్మం దగ్గర వేసిన కుర్చీలో కూర్చుని దేవమణి కన్నార్పకుండా చూసింది. తడి పోయేదాకా శాంతి సన్నటి సెగ మీద ఓపిగ్గా వేయించింది. ధనియాలు దోరగా రాగానే దించేసింది, జాపత్రికి వేడి చూపించీ చూపించనట్టు తీసేసింది. వాసన సరిగ్గా అందుకోవలసిన చోటే అందుకుంది. పిల్లకి చెయ్యుంది, అనుకుంది దేవమణి. ఆ మాట పైకి అనాలనిపించింది, కానీ తన నోటి సంగతి తెలిసి ఊరుకుంది.

తర్వాత మిక్సీ. కరెంటు పోతుందేమోనని శాంతి ఆపకుండా తిప్పింది. గిన్నె చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. మూత తీయగానే గుండ పొగలు కక్కింది. ఆ పొగలు కక్కుతున్న గుండని శాంతి కడిగి తుడిచిన హార్లిక్స్ సీసాలో గరిటెతో పోయడం మొదలుపెట్టింది.

వద్దే, అనుకుంది దేవమణి. పరుచు, ముందు గుడ్డ మీద పరుచు, వేడి మీద మూతపెడితే చెమర్చి బూజు పట్టేస్తుంది.

"స్తోత్రం," అంది.

శాంతి తిరిగి చూసింది. మొహం వెలిగిపోయింది.

దేవమణి ఇంకా గట్టిగా అంది. అది చాలక ఎడమచెయ్యి పైకెత్తి ఊపింది. చర్చిలో పాట మంచి ఊపులో ఉన్నప్పుడు చేతులెత్తి స్తుతించడం ఆ ఇంట్లో చిన్నా పెద్దా అందరికీ అలవాటే. సంజయ్ గబగబా ఫోను తీసి వీడియో తీశాడు. శాంతి మూడో సీసాకి కూడా మూత బిగించి, వచ్చి అత్త కాళ్ళ దగ్గర చతికిలబడి ఏడ్చేసింది.

"అత్తకి నచ్చినాది. ఇన్నేళ్ళకి నేను సేసింది అత్తకి నచ్చినాది," అంది.

దేవమణి కోడలి తల మీదుగా సీసానే చూస్తోంది. గాజు లోపల ఆవిరి మసకగా పట్టేసింది. కోడలి చీర చెంగు పట్టుకుని సీసా వైపు లాగింది. బాత్రూముకి కాబోలని శాంతి కళ్ళు తుడుచుకుని, ఆవిడని లేపి జాగ్రత్తగా నడిపించుకెళ్ళింది.

వీడియో చుట్టాలందరి ఫోన్లలోకీ వెళ్ళింది. మర్నాడు కోతపండుగలో స్టాన్లీ మేస్టారు ఎప్పటిలాగే లేచి నిలబడి, దేవమణమ్మ చేత్తో ఆశీర్వదించిన సీసా అంటూ పాడి పట్టుకుపోయాడు. బేబీ సీసా రైలెక్కింది. పెద్ద సీసా వంటగది అలమరలో పైన కూర్చుంది, దేవమణి కుర్చీలోంచి చూస్తే తిన్నగా కనపడేలా.

ఆ సీసాతో ఆవిడ పడిన యాతన ఎవరికీ తెలియదు. ఇప్పుడైనా మూత తీసి, పరిచి, కాస్త సెగ చూపిస్తే బతికించుకోవచ్చు. ఎవరు అటు వెళ్ళినా నోరు తెరిచేది. వాళ్ళు దండం పెట్టుకుని పోయేవారు. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు కర్ర పట్టుకుని లేచింది. గోడకి ఆనుకుంటూ వంటగదిలోకి చేరి, ఎడమచేత్తో సీసా దింపుకుని, గుండెకి అదిమిపెట్టి మూత తిప్పబోయింది. సీసా పట్టుకుంటే మూతకి చెయ్యి లేదు, మూత పట్టుకుంటే సీసాకి చెయ్యి లేదు. కిందికి జారి కూర్చుని మోకాళ్ళ మధ్య ఇరికించుకుంటే కుడికాలు బిగవలేదు. పళ్ళతో కూడా చూసింది. అప్పుడే సంత నుంచి వచ్చిన కృపానిధికి, భార్య నేల మీద కూర్చుని సీసాని ఒళ్ళో పెట్టుకుని ముద్దు పెట్టుకుంటున్నట్టు కనపడింది. ఆయన పక్కనే కూలబడి, నీ గుండంటే నీకెంత ప్రాణమో మణీ అని కళ్ళు ఒత్తుకున్నాడు. సీసా తీసుకెళ్ళి ఇంకా పై అరలో, పడిపోకుండా, భద్రంగా పెట్టాడు. ఆ వేళ దేవమణి ఏడ్చింది. అందుకు కూడా ఆయన వేరే కారణమే అనుకున్నాడు.

క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం వేటమాంసం వచ్చింది. శాంతి అల్లం వెల్లుల్లి నూరి, ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, సీసా దింపి మూత తీసింది. గుండ ఉండలు కట్టింది. గరిటెతో కదిపితే ముక్కిపోయిన వాసన గుప్పుమంది. పైన ఆకుపచ్చగా, అడుగున తెల్లగా, బూజు.

శాంతి గరిటె పక్కన పెట్టింది. తర్వాత ఆడబిడ్డకి ఫోన్ చేసింది. నీ సీసా ఎలా ఉంది బేబీ అని అడిగింది. బేబీ ఒక్క క్షణం ఆగి, చాలా బాగుంది వదినా అంది. ఆ ఆగడంలోనే శాంతికి అర్థమైపోయింది. స్టాన్లీ మేస్టారింట్లో కూడా మంచివాళ్ళే, వాళ్ళూ ఇలాగే బాగుందంటారు.

సంజయ్‌ని కొట్టుకి పంపి మసాలా పేకెట్టు తెమ్మంది. అతను వెళ్ళాక ఫోను తీసి ఆనాటి వీడియో పెట్టుకుంది. అదివరకు ఎన్నోసార్లు చూసి మురిసిపోయినదే. ఇప్పుడు అత్త చేతిని చూడలేదు, కళ్ళు చూసింది. ఆ కళ్ళు పైకి చూడటం లేదు. తన చేతిలో గరిటెని చూస్తున్నాయి, సీసాని చూస్తున్నాయి, భయంతో చూస్తున్నాయి.

వచ్చి అత్త కుర్చీ పక్కన, కుడివైపు, నేల మీద కూర్చుంది.

"అత్తా, ఆ రోజు నువ్వు వద్దనే సెప్పినావు కదా."

దేవమణికి ఒళ్ళు జల్లుమంది. ఆగస్టు నుంచీ ఇన్ని నెలల్లో ఆవిడ చెప్పిన మాట ఒక మనిషికి అందడం అదే మొదలు. అవునే తల్లీ, అందామనుకుంది. కానీ వేయించడం నాకన్నా బాగా వేయించావు. తప్పు నీది కాదు, తలుపేసుకుని దాచుకున్నాను కదా, నాది. వచ్చే ఏడు నా పక్కన కూర్చుని కొట్టు. ఇంతా లోపల వరసగా, చక్కగా తయారైంది. పెళ్ళయి వచ్చిన కోడలికి ఇన్నేళ్ళలో ఆవిడ ఎన్నడూ చెప్పని మంచిమాట అది.

"స్తోత్రం."

శాంతి తల వంచుకుంది. ఆ పిల్లకి ఇప్పుడు ఆ మాట వినడం తెలిసిపోయింది మరి.

"తిట్టు అత్తా. నువ్వంతలా మొత్తుకుంటే నవ్వుకుంటా కూకున్నాను. చర్చిలో నీ పేరు సెడగొట్టేసినాను. తిట్టు."

కాదే, కాదు. దేవమణి తొందరపడింది. తొందరలో గొంతు హెచ్చింది, మాట కరుగ్గా పడింది. స్తోత్రం. అన్నకొద్దీ శాంతి ముడుచుకుపోయింది. దేవమణి ఆ తల మీద చెయ్యి వేద్దామనుకుంది. ఆ పక్కనున్నది చచ్చిన చెయ్యి, ఒళ్ళోంచి లేవలేదు. ఎడమచెయ్యి తిప్పి అందుకోబోయేసరికి, మాంసం అడుగంటుతోందని శాంతి కళ్ళు తుడుచుకుని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆరాధన నుంచి వచ్చాక అందరూ చాపల మీద వరసగా కూర్చున్నారు. విజయనగరం నుంచి బేబీ, అల్లుడూ, పిల్లలూ వచ్చారు. పేకెట్టు మసాలా వేసిన మాంసం మధ్యలో పెట్టారు. కృపానిధి నిలబడి ప్రార్థన చేశాడు. పుట్టిన రక్షకుడికీ, తిండికీ, భార్యని తోడుగా ఉంచినందుకూ కృతజ్ఞతలు చెప్పి, ఎప్పటిలాగే ఆమెన్ ముందు ఆగాడు.

అందరూ దేవమణి కోసం చూస్తున్నారు. ఎదురుగా శాంతి, చెంగు నెత్తిన కప్పుకుని, కళ్ళు మూసుకుని, దెబ్బ కోసం ఎదురుచూస్తున్నట్టు భుజాలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. దేవమణి ఆ భుజాలు చూసింది. మాట పెదాల దాకా వచ్చేసింది. ఆవిడ పళ్ళు బిగబట్టింది.

కృపానిధి ఇంకాసేపు ఆగాడు. పిల్లలు కళ్ళు తెరిచి చూశారు. చివరికి ఆయనే నెమ్మదిగా ఆమెన్ అన్నాడు. ఉన్న ఆ ఒక్క మాటా పోయినట్టుంది అమ్మకి అని బేబీ మొగుడి చెవిలో చెప్పి ఏడవడం మొదలుపెట్టింది. శాంతి లేచి, తలెత్తకుండా, అత్త కంచంలో అన్నం పెట్టింది.