ఎర్రబోడు తూర్పు వాలు

విష్ణు చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. స్నానాల గదిలోంచే కేకేశాడు. "వనజా, మీటింగుకు వచ్చే ఆఫీసర్ల టిఫిను నువ్వే చూసుకోవాల. హోటలోళ్లను నమ్ముకుంటే అంతే."

సరేనన్నాను. పెళ్లయినప్పటి నుంచి నా నోట ఎక్కువగా వచ్చిన మాట అదే. నా భర్త విష్ణువర్ధన్ అనంతపురంలో పర్యావరణ నివేదికలు తయారుచేసే చిన్న ఆఫీసు నడుపుతాడు. నేను బాటనీలో ఎమ్మెస్సీ చేశాను. మా అత్త రామలక్ష్మమ్మ బంధువుల ముందు, "మా కోడలికి ప్రపంచంలో చెట్లన్నీ తెలుసు, పులుసులో ఉప్పు ఎంతేయాలో తెలీదు" అని నవ్విస్తుంది. నేనూ వాళ్లతో కలిసి నవ్వేదాన్ని.

నల్లమాడ అవతల ఎర్రబోడు కొండ మీద జీపులు, బైకులు రాళ్లదారుల్లో పందాలు పోయే పార్కును ఇరవయ్యేళ్లలో రెండు దశలుగా కడతామని ఒక కంపెనీ ముందుకొచ్చింది. నివేదిక పని విష్ణుకు దొరికింది. "ఊరికే ఇంట్లోనే ఉంటివి కదా, ఒకసారి కొండ చూసిరాపో" అన్నాడు. ఆ ఒకసారి ఎండాకాలంలో మొదలై చలికాలం దాకా సాగింది. వంట ముగించి, అత్తకు మాత్రలు తీసిపెట్టి బస్సెక్కేదాన్ని. మేకలు మేపే రామాంజినమ్మ వెనకే బండలెక్కేదాన్ని. మొదటి పెద్దవాన కురిసిన రోజు నిలువెల్లా తడిసి చూశాను. పడమటి వైపు, రాళ్లకోసం ట్రాక్టర్లు తిరిగిన చోట, మట్టి కోసుకుపోయి ఎర్రగా పారింది. తూర్పు వాలు మీద గడ్డి, సీతాఫలం పొదలు నీళ్లను పట్టి ఆపాయి. తర్వాత కింది చేలల్లో బావులు ఊరాయి. ఆ కొండ మీద నన్ను ఎవరూ కాఫీ అడగలేదు. ఎన్నాళ్ల తర్వాతో నా బుర్ర నాకు పనికొచ్చింది.

పార్కు కట్టాలంటే పడమట కట్టండి, రాబోయే ఇరవయ్యేళ్ల ప్రణాళికలో తూర్పు వాలును ముట్టొద్దు అని రాశాను. విష్ణు చదివి "బాగా రాసినావే" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఎంత పొంగిపోయానో చెప్పాలంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ప్రజాభిప్రాయ సేకరణ మీటింగు కొండ కింది ఊరి బడి ఆవరణలో, షామియానా కింద జరిగింది. నేను పక్కన ఉప్మా వడ్డిస్తున్నాను. మైకులో విష్ణు గొంతు వినబడింది. "తూర్పు వాలు ఉత్త బంజరు సార్. ఎవురూ వాడరు. రెండో దశలో ట్రాకులన్నీ ఆడే వస్తాయి."

నా చేతిలో గరిటె ఆగిపోయింది.

రామాంజినమ్మ లేచింది. "ఎవురూ వాడరా? మేమేమన్నా దయ్యాలమా సామీ? మా మేకలు యాడ మేస్తాండాయనుకుంటివి?"

"చదువుకున్నోళ్లు చూసి రాసినారు, కూర్చోమ్మా" అన్నాడు కంపెనీ మనిషి.

ఆమె తల తిప్పి నన్ను చూసింది. "వనజమ్మా, నువ్వు మాతో తిరిగినావు కదా. నువ్వన్నా చెప్పు."

సభ నడుపుతున్న అధికారి, ఎవరామె అని అడిగాడు. విష్ణు నవ్వాడు. "మా ఇంటామె సార్. టిఫిన్లు చూసుకుందామని వచ్చింది."

నేను గరిటె కింద పెట్టాను. మైకు దాకా నడిచాను. పదిమందిలో మొగుణ్ణి కాదంటే ఇంట్లో ఏం జరుగుతుందో తెలియనంత అమాయకురాలిని కాను. అయినా ఆ కొండ మీద తడిసింది నేను. నేను చూసింది చూడలేదని ఇంకొకరు ఎలా చెబుతారు?

"సార్, ఎర్రబోడు తిరిగి చూసింది నేను. ఈయన ఒక్కసారి కూడా ఎక్కలేదు. తూర్పు వాలు బంజరు కాదు. దాని మీద చక్రాలు తిరిగితే మట్టి ఆగదు, కింద బావులు ఊరవు. నేను ఇదే రాసిచ్చాను. ఆయన మార్చాడు."

అధికారి విష్ణు వైపు తిరిగి నిజమేనా అని అడిగాడు. విష్ణు చేతిలోని కాగితాలు తిరగేశాడు. రెండో దశను పక్కన పెట్టి, వచ్చే వానాకాలమంతా మళ్లీ పరిశీలించాలని అధికారి అక్కడే చెప్పి రాయించాడు.

సభ ముగిశాక ఆడవాళ్లు నా చుట్టూ చేరారు. "వీళ్లు మళ్లా ఎవురినో తెచ్చి ఇదే రాపిస్తారు. మా తరపున నువ్వు చూసి రాస్తావామ్మా?" అంది రామాంజినమ్మ. ఇంట్లో అడిగి చెప్తానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"రాస్తా" అన్నాను.

కారులో విష్ణు స్టీరింగు మీద గుద్దాడు. "అందరి ముందరా నా పరువు తీసినావు కదే." ఎవరు చెప్పారో, అత్త ఫోన్ చేసి, ఇంటికొచ్చి వాడి కాళ్లు పట్టుకో అంది. నల్లమాడ దాటాక అతని గొంతు మెత్తబడింది.

"మళ్లా సర్వే చేయాలంట. నువ్వే పోయిరా. ఈ తూరి నువ్వు రాసింది మార్చనులే."

"పోతాను" అన్నాను. "నీ ఆఫీసుకు మాత్రం వేరే మనిషిని చూసుకో. నేను ఊరోళ్ల తరపున పోతాండా."